పదిమందితో సైకిలు ప్రయాణం

సైకిలును పేదవాని వాహనమని పూర్వం అనేవారు. నేడు అది పరోపకారానికి కూడ సాధనమైంది. ఆదివారం తెల్లవారుజామున బెంగళూరులోని విధానసౌధ, కబ్బన్ పార్కు పరిసరాలలో గుంపులుగా సైకిళ్ళు తొక్కేవారిని మీరు చూచే ఉంటారు. వారిలో కొందరు వ్యాయామం కోసం తొక్కుతారు. మరికొందరు రోగుల చికిత్సకో, పేదపిల్లల చదువుకో విరాళాలు కూడబెట్టడానికి తొక్కుతారు. ఇటువంటి వాటిని సేవాయాత్రలు అనవచ్చు.

ఇంగ్లండులో లండన్ నుండి సముద్రతీరంలోని బ్రైటన్ వరకు సాగే సైకిలు యాత్ర 1976లో మొదలైంది. దాని దూరం సుమారు 87 కిలోమీటర్లు. 1980 నుండి అది హృద్రోగ పరిశోధనకు నిధులు సమకూర్చే యాత్రగా పేరు పొందింది. మన ప్రాంతంలో 2008లో 'టూర్ ఆఫ్ నీలగిరీస్' ప్రారంభమైంది. కొండదారులలో అనేక రోజులు సాగే ఈ యాత్రతో పాటు సేవాకార్యాలకు విరాళాలు సేకరించడం కూడ జరిగింది.

ఒంటరిగా సైకిలు తొక్కడం వేరు, పదిమందితో కలిసి తొక్కడం వేరు. ఒంటరిగా పోయేవాడు పొరపాటు చేస్తే అతడు పడతాడు. గుంపులో ఒకడు పొరపాటు చేస్తే అతని వెనుక వచ్చేవారు కూడ పడతారు. ఇందుకు కారణం తెలుసుకుందాం.

గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు ఒక్క సెకనులో 5 మీటర్లు ముందుకు పోతుంది. ముందువాడు ఆగడం మన కంటికి కనబడి, చేయి బ్రేకు నొక్కడానికి ఇంచుమించు ఒక సెకను పడుతుంది. అంతలో మన సైకిలు మూడు సైకిళ్ళ పొడవు దాటిపోతుంది. కాబట్టి కనీసం అంత ఎడమైనా ఉండాలి. వాన కురిసిన రోజున ఇంకా ఎక్కువ ఉండాలి. తడిసిన చక్రానికి బ్రేకు త్వరగా పట్టదు.

మన ముందు చక్రం ముందువాని వెనుక చక్రానికి పక్కగా చేరకూడదు. సైకిలుపై మనం నిలువగలగడానికి హ్యాండిలును కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ ఉండడమే కారణం. రెండు చక్రాలు రాసుకుంటే హ్యాండిలు తిరగదు. అప్పుడు సాధారణంగా ముందువాడు నిలుస్తాడు, వెనుకవాడే పడిపోతాడు.

ముందు పోయేవాడు వెనుకవారికి కన్నువంటివాడు. గుంత కనబడితే చేతితో కిందికి చూపాలి. ఆగవలసివస్తే చేయి పైకెత్తాలి. కుడివైపు తిరగాలంటే కుడిచేయి చాచాలి. ఆ వెంటనే తిరిగి హ్యాండిలు పట్టుకోవాలి. బెంగళూరు గుంపులలో కన్నడం, తెలుగు, ఉర్దూ, తమిళం మాట్లాడేవారు కలిసి ఉంటారు. ఒకరు 'గుండి' అంటారు, మరొకరు 'గుంత' అంటారు. మాట అర్థమయ్యేలోపు చక్రం అందులో పడుతుంది. అందుచేత బయలుదేరక ముందే అందరికీ తెలిసిన గుర్తులను నిర్ణయించుకోవాలి.

వాహనాలు తిరిగే రోడ్డుపై ఎడమ పక్కన ఒకరి వెనుక ఒకరు సాగాలి. గుంపు పెద్దదైతే చిన్న జట్లుగా విడిపోవాలి. జట్ల మధ్య ఎడముంటే బస్సులు, లారీలు సులభంగా దాటిపోతాయి. బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న నంది కొండ వంటి చోట్ల దిగేటప్పుడు మలుపుకు ముందే వేగం తగ్గించాలి. మలుపులో గట్టిగా బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది.

బయలుదేరే ముందు బ్రేకులు, గొలుసు, చక్రాలలో గాలి సరిచూసుకోవాలి. తలకు హెల్మెట్ ధరించి దాని పట్టీ బిగించుకోవాలి. చీకటిలో దీపం తప్పక ఉండాలి. ఎవరైనా పడితే ముందుగా వెనుకవారిని ఆపాలి. తరువాత గాయపడినవానిని రోడ్డు పక్కకు చేర్చాలి. తలకు, మెడకు దెబ్బ తగిలితే మాత్రం కదల్చక 108కి ఫోను చేయాలి.

సేవాయాత్ర పందెం కాదు. ముందు చేరినవానికి బహుమానం లేదు, వెనుకబడినవానికి అవమానం లేదు. అలసినవాని కోసం వేగం తగ్గించడం కూడ సేవయే. రోగికి సాయపడాలని బయలుదేరినవారు తొందరపాటుతో మరొక రోగిని తయారుచేయకూడదు. అందరూ క్షేమంగా ఇల్లు చేరినప్పుడే ఆ యాత్ర సఫలమవుతుంది.

ప్రశ్నలు
1. గుంపులో పోయే సైకిళ్ళ మధ్య ఎడం ఎందుకు ఉండాలి?
2. రెండు చక్రాలు రాసుకుంటే వెనుకవాడే పడిపోవడానికి కారణమేమి?
3. 'అలసినవాని కోసం వేగం తగ్గించడం కూడ సేవయే' – వివరించండి.