అందరి కెమెరా చార్మినార్ వైపే

పాతబస్తీ ఫొటోలకు కొదవ లేదు. హైదరాబాద్ రూపు మారిపోతున్న శివార్లు, మూసీ ఒడ్డు మాత్రం ఔత్సాహికుల కంట పడటం లేదు

ఆదివారం తెల్లవారాక చార్మినార్ దగ్గర రెండు రకాల జనం కనిపిస్తారు. నిమ్రా కేఫ్ ముందు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ల కోసం నిలబడేవాళ్లు ఒక రకం. వాళ్ల ఫొటోలు తీసేవాళ్లు రెండో రకం. మెడలో కెమెరా, వీపున సంచి, నలుగురైదుగురు కలిసి రావడం, మక్కా మసీదు ముందు పావురాలు ఒక్కసారిగా లేచే క్షణం కోసం మోకాళ్ల మీద కూర్చుని కాచుకోవడం. వీళ్లలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు, విద్యార్థులున్నారు, రిటైరైన లెక్చరర్లున్నారు. ఎవరికీ ఇది వృత్తి కాదు. ఎండ ముదిరేలోగా రెండు మూడు వందల ఫొటోలు తీసుకుని ఇళ్లకు వెళ్లిపోతారు.

ముప్ఫై ఆరు ఫొటోల ఫిల్ము రోలు కొని, కడిగించి, ప్రింట్లు వేయించుకునే రోజుల్లో ప్రతి క్లిక్కుకూ లెక్క ఉండేది. డిజిటల్ కెమెరా ఆ లెక్కను చెరిపేసింది. ఫోను వచ్చాక కెమెరా కొనాల్సిన అవసరమే తప్పింది. ఇప్పుడు ఈ ఔత్సాహికులకు సొంత పంచాంగం ఉంది. జనవరిలో నాంపల్లి నుమాయిష్, ఆషాఢంలో లాల్‌దర్వాజా బోనాలు, ఆ తర్వాత ధూల్‌పేటలో రంగులద్దుకునే వినాయకులు, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపు. ఏ పండగా లేని వారాల్లో గుడిమల్కాపూర్ పూల మార్కెట్, జుమేరాత్ బజార్ ఎలాగూ ఉన్నాయి.

హైదరాబాద్‌కు ఫొటో కొత్తది కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844-1905) ఇక్కడే పనిచేశారు. ఆయన ప్లేట్ల మీద ఎక్కువగా కనిపించేది నిజాం వేటలు, విందులు, రాజభవనాలు, బ్రిటిష్ అతిథులు. సామాన్యుల వీధి ఫొటోకు ఎక్కడం చాలా తర్వాతి సంగతి. రఘురాయ్ ఢిల్లీని, రఘువీర్ సింగ్ (1942-1999) రంగుల్లో కలకత్తాను, బొంబాయిని చూపించాక మన దేశంలో వీధి కూడా చూడదగ్గదేనన్న నమ్మకం కుదిరింది. ఔత్సాహికుల ఆరాధ్య దేవత మాత్రం అమెరికాలో ఉంది. షికాగోలోనూ దాని శివార్లలోనూ ఇళ్లలో ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ తీసిన లక్షకు పైగా నెగటివ్‌లు 2007 తర్వాతే లోకానికి తెలిశాయి. 2009లో చనిపోయేనాటికి ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. జీతం కోసం ఒక పని, ప్రాణం పెట్టి మరో పని చేసే వాళ్లకు ఆమె కథ ఎందుకు నచ్చుతుందో వేరే చెప్పక్కర్లేదు.

చిక్కల్లా హైదరాబాద్ క్లబ్బులు ఏటా పెట్టే ప్రదర్శనలు చూస్తే తెలుస్తుంది. చాయ్ పొగ వెనక తెల్లగడ్డం ముసలాయన, లాడ్‌బజార్ గాజుల మీద పడ్డ ఎండ, రిక్షాలో కునుకు తీస్తున్న మనిషి, బుర్ఖా పక్కన ఎగిరే పావురం. ఫొటోగ్రాఫర్లు ఇరవై మంది, ఫొటోలు నాలుగే అనిపిస్తుంది. పాతబస్తీని వారానికోసారి చూసి వచ్చే వాళ్లకు అది ఒక మ్యూజియంలా కనిపిస్తుంది. అక్కడ ఉండేవాళ్లకు అది కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, మంచినీళ్లు రాని మధ్యాహ్నం. ఇవి ఫ్రేములోకి రావు. పేదరికాన్ని నలుపు తెలుపుల్లోకి మారిస్తే కళ అవుతుందన్న భ్రమ మన ఔత్సాహికులను ఇంకా వదల్లేదు.

నిజానికి నగరం మారుతున్నది పడమటి శివార్లలో. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ ఎక్కువగా బండరాళ్లే. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. ఈ రెంటికీ మధ్య పాతికేళ్లలో ఊళ్లకు ఊళ్లే మాయమయ్యాయి, చెరువులు చిక్కిపోయాయి, తెలంగాణ పల్లెల నుంచీ ఒడిశా, బిహార్‌ల నుంచీ కూలీలు వచ్చి అంతస్తులు పేర్చారు. పొద్దున్నే అడ్డా మీద మేస్త్రీ పిలుపు కోసం నిలబడే మనుషులు, ఆఫీసు టవర్ల వెనక సందులో మధ్యాహ్నం కర్రీ పాయింట్ల ముందు వరుస కట్టే ఐడీ కార్డులు, రేకుల షెడ్ల మధ్య ఆరేసిన చీరలు. స్ట్రీట్ ఫొటోగ్రఫీకి ఇంతకన్నా ఏం కావాలి? అయినా నానక్‌రామ్‌గూడలో, నార్సింగిలో ఉండే కుర్రాళ్లు పొద్దున్నే లేచి ఇరవై కిలోమీటర్ల దూరంలోని చార్మినార్‌కు వెళ్తున్నారు.

బద్ధకమే కారణమనుకుంటే పొరపాటు. పాతబస్తీలో వీధి వీధిలాగే ఉంది. అరుగు మీద కూర్చున్న మనిషిని కళ్లతో అడిగితే తల ఊపుతాడు, పిల్లలైతే తమనూ తీయమని వెంటపడతారు. శివార్లలో రోడ్డుంటుంది గాని వీధి ఉండదు. గేటెడ్ కాలనీ, ఆఫీసు పార్కు, మాల్... అన్నిటికీ గోడలు, గోడలకు గార్డులు. రోడ్డు మీద నిలబడి కెమెరా ఎత్తినా ఆ గార్డు వచ్చి తీయకూడదంటాడు. ఏ చట్టం ప్రకారం అని అడిగితే సూపర్‌వైజర్‌ను పిలుస్తాడు.

బహిరంగ స్థలంలో ఫొటో తీయడాన్ని మొత్తంగా నిషేధించే చట్టం మన దేశంలో లేదు. రక్షణ స్థావరాల వంటి నిషిద్ధ ప్రాంతాలు వేరు. ఏకాంతంలో ఉన్న మహిళను దొంగచాటుగా తీయడం 2013 నుంచి ప్రత్యేక నేరం. భవనాన్ని ఫొటో తీస్తే కాపీరైట్ ఉల్లంఘన కాదని 1957 నాటి చట్టమే చెబుతోంది. కానీ ఆచరణ వేరు. 2007లో మే 18న మక్కా మసీదులో, ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో బాంబులు పేలాక కెమెరా పట్టుకున్న అపరిచితుడంటే అనుమానం పుట్టింది. ఆ భయాన్ని తప్పుపట్టలేం.

తప్పుపట్టాల్సింది దీని రెండో పార్శ్వాన్ని. జనం గుమిగూడే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టాల్సిందేనని ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం వచ్చింది. 2018లో పోలీసుల చేతికి ముఖాలను గుర్తుపట్టే టెక్నాలజీ అందింది. 2021 మేలో లాక్‌డౌన్ రోజుల్లో పోలీసులు తనను రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని, తాను ఒప్పుకోకపోయినా ఫొటో తీసుకున్నారంటూ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ హైకోర్టుకు వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అడగకుండా జనం ముఖాలు తీసే కెమెరాలు స్తంభం స్తంభానికీ ఉన్న ఊళ్లో, సరదాగా తీసుకునేవాడినే ఎందుకని నిలదీస్తున్నారు.

ఫొటో సరదాకే పరిమితం కాదని 2024, 2025లలో రెండుసార్లు తేలింది. 2024 సెప్టెంబర్, అక్టోబర్‌లలో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ పరిసరాల బస్తీల్లో ఇళ్లకు ఎర్ర రంగు గుర్తులు వేసి, ఖాళీ చేయించిన వాటిని కూల్చారు. కూల్చివేత దృశ్యాలు టీవీల నిండా వచ్చాయి. అంతకు ముందు ఆ గల్లీ ఎలా ఉండేదో, ఏ గుమ్మం ముందు ఎవరు కూర్చునేవారో చూపే ఫొటోలు మాత్రం వెతుక్కోవాలి. చార్మినార్ అక్కడికి ఎంతో దూరం లేదు.

2025 మార్చి నెలాఖరున హైదరాబాద్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి బుల్‌డోజర్లు వెళ్లినప్పుడు విద్యార్థులు ఫోన్లలో తీసిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అదే సమయంలో కృత్రిమ మేధతో తయారైన నకిలీ చిత్రాలూ వ్యాపించాయి. ప్రభుత్వం వాటినే పట్టుకుని కేసులు పెట్టింది. ఏది ఫొటో, ఏది బొమ్మ అన్న తగువులో నిజంగా అక్కడ నిలబడి తీసినవాడి మాటకు, తేదీకి, మార్చని ఒరిజినల్ ఫైలుకు విలువ పెరిగింది.

ఔత్సాహికులు నిర్లక్ష్యం చేస్తున్నది సరిగ్గా వీటినే. మంచి లెన్సు కోసం నెల జీతం పెట్టేవాళ్లు ఫొటో కింద ఊరి పేరు, తేదీ రాయరు. 'జీవితం', 'ఎదురుచూపు' అని శీర్షికలు మాత్రం పెడతారు. దీన్‌దయాళ్ గాజు నెగటివ్‌లు 2,800కు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి కాబట్టి బతికాయి. ఇవాళ్టి హైదరాబాద్ వీధులు ఎవరెవరి హార్డ్ డిస్కుల్లోనో ఉన్నాయి. అవి పాడైతే అంతే సంగతులు. ఫొటో తీసిన గల్లీకి మళ్లీ వెళ్లి, ఆ మనిషికే ఒక ప్రింటు ఇచ్చి, పేరు అడిగి వెనక రాసుకునేవాళ్లు ఈ క్లబ్బుల్లో కొద్దిమందైనా ఉన్నారు. పోస్టుకార్డు సైజు ప్రింటుకు పెద్ద ఖర్చేమీ కాదు.