ఆటగది గోడకి ఎన్ని రంగుల డబ్బాలు కావాలి?

పోయిన నెల హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఇంట్లో పిల్లలు ఆడుకునే గదిలో ఒక్క గోడను మాత్రం రంగురంగుల ముక్కలుగా చేద్దామనుకున్నారట. మాస్కింగ్ టేపు అడ్డదిడ్డంగా అతికించడం, మధ్యలో ఏర్పడిన ముక్కలకి రంగులు వేయడం, తర్వాత టేపు లాగేయడం, పని ఇంతే. ఏడేళ్ల పాప మాత్రం ఒక షరతు పెట్టింది: ఆనుకుని ఉన్న రెండు ముక్కలకి ఒకే రంగు ఉండకూడదు. పెయింట్ల షాపులో అడిగితే "ఇన్ని ముక్కలంటే ఆరు రంగులైనా తీసుకోవాలమ్మా" అన్నారట. నిజంగా ఆరు కావాలా, తక్కువలో అవుతుందా అని ఆవిడ ప్రశ్న. పాప నోటుపుస్తకం కాగితం మీద గీసిన బొమ్మ కూడా ఉత్తరానికి జతచేశారు.

ఆ కాగితం వారం రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఈ నెలకి అనుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను. ఎందుకంటే 1852లో లండన్‌లో ఫ్రాన్సిస్ గుత్రీ అనే ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు అడిగింది కూడా ఇదే ప్రశ్న. దానికి పూర్తి జవాబు దొరకడానికి 124 ఏళ్లు పట్టింది.

గోడ సిద్ధం చేయడం గురించి పెద్దగా చెప్పను. పగుళ్లకి లప్పం పెట్టి, ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, ప్రైమర్ కొట్టి ఆరనివ్వాలి. ఇది ఏ మేస్త్రీని అడిగినా చెబుతాడు. మేస్త్రీ చెప్పని సంగతి ఒకటుంది: ఎన్ని రంగులు కావాలో ముక్కల లెక్క తేల్చదు, టేపు ఎక్కడ ఆగిందో అది తేలుస్తుంది.

టేపులన్నీ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తిన్నగా వెళితే రెండే రంగులు చాలు. పది టేపులైనా, వంద టేపులైనా రెండే. ఎందుకో గోడ దగ్గర నిలబడి చూద్దాం. ముందు గోడంతా పసుపు అనుకోండి. మొదటి టేపు అతికించి, దానికి ఒక పక్క పసుపు ఉంచి, రెండో పక్క నీలం చేయండి. ఇప్పుడు రెండో టేపు అతికించండి. అది దారిలో ఉన్న ముక్కలన్నిటినీ చీలుస్తుంది. చీలిన సగాలు రెండూ ఒకే రంగులో ఉండిపోతాయి కదా, చిక్కు అక్కడే. దాన్ని ఇలా విప్పాలి: కొత్త టేపుకి ఎడమ పక్కన ఉన్నవాటిని ముట్టుకోవద్దు. కుడి పక్కన ఉన్నవన్నీ తారుమారు చేయండి, పసుపు నీలం, నీలం పసుపు. ఎడమ పక్కవాళ్ల గొడవ లేదు, వాళ్లు పాత రంగుల్లోనే ఉన్నారు. కుడి పక్కవాళ్లు అందరూ కలిసే మారారు కాబట్టి ఇరుగుపొరుగుల మధ్య తేడా అలాగే ఉంది. ఇక కొత్త టేపుకి అటూ ఇటూ ఉన్న సగాలు ఇంతకుముందు ఒకే రంగు, ఇప్పుడు ఒకటే మారింది, కనుక అవీ వేరయ్యాయి. మూడో టేపుకీ ఇదే పని, నలభయ్యో టేపుకీ ఇదే పని.

మనసులో ఇంత తిప్పక్కర్లేదంటే సరి, బేసి లెక్క చాలు. కిటికీ పక్క మూలను పసుపు అనుకోండి. ఏ ముక్కకైనా ఆ మూల నుంచి వేలితో గీసుకుంటూ వెళ్లి ఎన్ని టేపులు దాటారో లెక్కపెట్టండి. సరి సంఖ్య అయితే పసుపు, బేసి అయితే నీలం. వేరే దారిలో వెళ్లినా సమాధానం మారదు. తొమ్మిది టేపులతో గోడను గరిష్ఠంగా 46 ముక్కలు చేయొచ్చు. 46 ముక్కలకీ రెండు డబ్బాలే!

ఇది గీతలు తిన్నగా ఉంటేనే అనుకోకండి. మొదలుపెట్టిన చోటికే తిరిగొచ్చి కలిసే ఏ మెలికకైనా ఇదే వర్తిస్తుంది. మన మెలికల ముగ్గునే తీసుకోండి. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి, తనను తాను ఎన్నిసార్లు దాటుకున్నా చివరికి మూసుకుపోయే గీత అది. దాని గదులన్నిటినీ రెండు రంగులతో నింపొచ్చు, ఒకే రంగు గదులు రెండు ఎక్కడా ఆనుకోవు. గీత రెండు చుక్కల మధ్య తనను దాటుకునే చోట నాలుగు గదులు కలుస్తాయి, చుక్కలున్న రెండు గదులూ ఎదురెదురుగా పడతాయి. అందుకే దాటే చోట్లన్నీ చుక్కల మధ్యే వచ్చే ముగ్గుల్లో చుక్కలున్న గదులన్నీ ఒక రంగు, ఖాళీ గదులన్నీ ఇంకో రంగు అవుతాయి. సంక్రాంతికి ఒకసారి వేసి చూడండి.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఇదంతా ఒక్క గోడకే. సరదా పుట్టి గది నాలుగు గోడలూ చుట్టి కింది నుంచి పైదాకా నిలువు పట్టీలు వేశారనుకోండి, పట్టీల సంఖ్య బేసి అయితే రెండు రంగులు కుదరవు. చుట్టూ తిరిగి వచ్చేసరికి చివరి పట్టీ, మొదటి పట్టీ ఒకే రంగులో ఎదురవుతాయి. గోడ మీద నిలువు టేపుకి ఎడమ వేరు, కుడి వేరు. గది చుట్టూ తిరిగితే ఎడమా కుడీ ఒకటే అయిపోతాయి, తారుమారు కిటుకు అక్కడ చెల్లదు.

సరే, టేపు గోడ మధ్యలో ఇంకో టేపుని తాకి ఆగిపోతే? అక్కడ మూడు ముక్కలు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. మూడో రంగు తప్పదు. ఇటుకల వరసకి మూడు, తేనెపట్టు గదులకి మూడు. ఒక ముక్క చుట్టూ మిగతావి దండలా అల్లుకుని, ఆ దండలో ముక్కలు బేసి సంఖ్యలో ఉంటే నాలుగు. దండ సరి సంఖ్య అయితే మూడుతో గట్టెక్కుతాం. తెలంగాణ పటం చూడండి. చుట్టూ మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, నాలుగే. ఒకటి విడిచి ఒకటి రెండు రంగులు, మధ్యలో తెలంగాణకి మూడోది. యూరప్‌లో లక్సెంబర్గ్ చుట్టూ బెల్జియం, జర్మనీ, ఫ్రాన్స్, మూడు. అక్కడ నాలుగో రంగు కావాల్సిందే.

ఐదో రంగు కావాల్సిన పటం ఉందా? గుత్రీ అడిగింది అదే. ఇంగ్లండ్ కౌంటీల పటానికి రంగులు వేస్తుంటే నాలుగుతో సరిపోయింది. ప్రతి పటానికీ సరిపోతాయా అని తమ్ముడికి చెప్పాడు. తమ్ముడు తన గురువు ఆగస్టస్ డి మోర్గాన్‌ని అడిగాడు. డి మోర్గాన్ 1806లో మన మదురైలో పుట్టినవాడు. ఆయనా తేల్చలేక అదే రోజు, 1852 అక్టోబరు 23న, డబ్లిన్‌లో ఉన్న గణితవేత్త హామిల్టన్‌కి ఉత్తరం రాశాడు. హామిల్టన్ ఇప్పట్లో దాని జోలికి వెళ్లేలా లేనని మూడు రోజుల్లో జవాబిచ్చాడు.

ఇక నాకు ప్రాణమైన ఘట్టం. 1879లో ఆల్‌ఫ్రెడ్ కెంప్ అనే లండన్ న్యాయవాది నాలుగు చాలని నిరూపించానన్నాడు. తీరిక వేళల్లో గణితం చేసేవాడు. తిన్నని గీత ఎలా గీయాలన్న విషయం మీద అంతకు రెండేళ్ల ముందు ఒక చిన్న పుస్తకం కూడా రాశాడు. అతని ఆలోచనని మన గోడ మీదే చూడొచ్చు.

గోడంతా రంగు వేశారు, ఒక్క ముక్క మిగిలింది. దాని చుట్టూ నాలుగు ముక్కలున్నాయి. పైన ఎరుపు, కుడి పక్క పసుపు, కింద ఆకుపచ్చ, ఎడమ పక్క నీలం. నాలుగు రంగులూ చుట్టుముట్టాయి, మిగిలిన ముక్కకి ఏ రంగు వేయాలి? కెంప్ ఇలా అన్నాడు: పైనున్న ఎరుపు నుంచి బయల్దేరి, తొక్కుడుబిళ్ల ఆడినట్టు, ఎరుపు, ఆకుపచ్చ ముక్కల మీద మాత్రమే అడుగులు వేస్తూ వెళ్లండి. కిందనున్న ఆకుపచ్చని చేరగలిగారా? చేరలేకపోతే సంతోషం. మీరు తిరిగిన ముక్కలన్నిటిలో ఎరుపుని ఆకుపచ్చ చేయండి, ఆకుపచ్చని ఎరుపు చేయండి. ఎక్కడా గొడవ రాదు, ఎందుకంటే ఆ గొలుసుకి బయట ఆనుకున్నవన్నీ పసుపో నీలమో. ఇప్పుడు పైన ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. మిగిలిన ముక్కకి ఎరుపు వేసేయండి.

మరి చేరగలిగితే? అప్పుడు జరిగేది చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. పై నుంచి కింది దాకా ఎరుపు, ఆకుపచ్చల గొలుసు ఒకటి పడింది. అది మన ముక్కతో కలిసి ప్రహరీలా చుట్టుకుంది. కుడి పక్క పసుపు ఒకవైపు, ఎడమ పక్క నీలం ఇంకోవైపు ఉండిపోయాయి. పసుపు, నీలాల మీదే అడుగులు వేసేవాడు ఆ ప్రహరీ దాటలేడు. కాబట్టి పసుపు నుంచి బయల్దేరి ఆ గొలుసుని తారుమారు చేస్తే పసుపు రంగు ఖాళీ అవుతుంది. ఒక దారి మూసుకుపోవడమే రెండో దారిని తెరుస్తోంది! ఇరవై పేజీల లెక్కల్లో దొరకని అందం ఈ రెండు వాక్యాల్లో ఉంది.

ఏ పటంలోనైనా ఐదుగురు లేదా అంతకన్నా తక్కువ పొరుగువాళ్లున్న ముక్క ఒకటి తప్పకుండా ఉంటుంది. కాబట్టి ఐదుగురున్న సందర్భం కూడా గట్టెక్కితే పని పూర్తయినట్టే. కెంప్ అక్కడ రెండు గొలుసుల్ని ఒకేసారి తారుమారు చేయమన్నాడు. పదకొండేళ్లు అందరూ ఒప్పుకున్నారు. ఈలోగా 1881లో అతన్ని రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకున్నారు. 1890లో డర్హమ్‌లో పాఠాలు చెప్పే పెర్సీ హీవుడ్ తప్పు పట్టుకున్నాడు. విడివిడిగా రెండు మార్పులూ సరైనవే, కానీ ఆ రెండు గొలుసులూ ఒకదాన్నొకటి దాటితే, మొదటి మార్పు రెండో గొలుసుని మార్చేస్తుంది. రెండూ కలిపి చేస్తే పక్కపక్కన ఒకే రంగు రావచ్చు. కెంప్ బుకాయించలేదు. లండన్ మ్యాథమెటికల్ సొసైటీలో తానే లేచి తప్పు ఒప్పుకుని, దాన్ని సరిచేయలేకపోతున్నానన్నాడు. అంత పెద్దమనిషితనం ఎంతమందికి ఉంటుంది?

ఆ గొలుసుల మీదే నడిచి హీవుడ్ ఐదు రంగులు చాలని నిరూపించాడు. పనిలో పనిగా, గారెలా మధ్యలో కన్నమున్న ఆకారం మీద గీసిన పటానికి ఏడు రంగులు చాలని, ఏడూ అవసరమయ్యే పటం ఉందని కూడా తేల్చాడు. గారె సంగతి 1890లో తేలిపోయింది, చదునైన కాగితం సంగతి తేలలేదు! పీటర్ టైట్ అనే స్కాట్లండ్ పండితుడు 1880లో ఇంకో నిరూపణ ఇచ్చాడు, 1891లో అదీ వీగిపోయింది. 1975 ఏప్రిల్‌లో మార్టిన్ గార్డ్‌నర్ అనే ప్రఖ్యాత రచయిత తన పత్రికా శీర్షికలో 110 ముక్కల పటం వేసి, దీనికి ఐదు రంగులు కావాలని ప్రకటించాడు. అది ఏప్రిల్ ఫూల్ సరదా. నమ్మినవాళ్లు నమ్మారు, చాలామంది ఓపిగ్గా కూర్చుని నాలుగు రంగులతో నింపి పంపించారు.

చివరికి 1976లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కెన్నెత్ ఆపెల్, వోల్ఫ్‌గాంగ్ హాకెన్ నిరూపించారు. పటాన్ని దాదాపు రెండు వేల రకాల అమరికలకి కుదించి, అన్నిటినీ కలిపి కంప్యూటర్‌తో వెయ్యి గంటలకు పైగా పరీక్షించారు. నాలుగు రంగులు చాలు అన్న మాటని అక్కడి గణిత విభాగం తన ఉత్తరాల మీద తపాలా ముద్రగా కొట్టించుకుంది. మనిషి చదివి సరిచూడలేని నిరూపణ ఏం నిరూపణ అని అప్పట్లో చాలామంది మొహం చిట్లించారు. 2005లో జార్జ్ గోంతియే మొత్తం తర్కాన్ని కంప్యూటర్‌తోనే అడుగడుగునా సరిచూపించాక ఆ సందేహం తీరింది. అయినా ఆ అమరికల పరీక్షలో ఆయువుపట్టు కెంప్ గొలుసులే. తప్పిన నిరూపణే గెలిచిన నిరూపణకి పునాది అయింది. నా దృష్టిలో ఈ కథలో నాయకుడు కెంపే.

ఒక్క షరతు మరవకూడదు. ప్రతి ముక్కా విడిపోకుండా ఒకే ముక్కగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్ మధ్యలో ఉన్న యానాం పుదుచ్చేరిలో భాగం. యానాం, మాహే, కారైకాల్, పుదుచ్చేరి నాలుగూ ఒకే రంగులో ఉండాలని పట్టుబడితే సిద్ధాంతం హామీ ఇవ్వదు. మీ గోడ మీద తలుపు పక్క ముక్కా స్విచ్చుబోర్డు చుట్టూ ముక్కా ఒకే రంగు కావాలన్నా అంతే. మూల దగ్గర చుక్కలా తాకడం ఆనుకోవడం కిందికి రాదు, చదరంగం బల్ల గళ్లలాగే.

ఉపయోగం ఏమిటని తప్పకుండా అడుగుతారు. పరీక్షల టైంటేబుల్ వేసే ప్రోగ్రాముల్లో కెంప్ గొలుసులు ఈనాటికీ వాడుతున్నారు. అదొక్కటి చాలు. ప్రతి అందమైన విషయాన్నీ ఏం పనికొస్తుందని నిలదీసే అలవాటు మాత్రం నాకు నచ్చదు.

గోడ పని గురించి రెండు మాటలు. టేపు అంచు వెంట ముందు టేపు కింద ఉన్న రంగునే పల్చగా రాసి ఆరనిస్తే సందులు పూడుకుంటాయి, కొత్త రంగు లోపలికి పాకదు. టేపు పెయింటు పూర్తిగా బిగుసుకోకముందే, మెల్లగా, ఏటవాలుగా లాగాలి. ఇంకొకటి: మన దేశంలో ఇళ్లకి వాడే పెయింట్లలో సీసం పది లక్షల్లో 90 భాగాలు మించకూడదని 2016 నిబంధనలు చెబుతున్నాయి. పిల్లల గది కాబట్టి డబ్బా మీద ఆ మాట చదివి కొనండి.

ఇక పాప బొమ్మ. అందులో తొమ్మిది టేపులు అంచు నుంచి అంచుకి వెళ్తున్నాయి. పదోది చిన్నది, ఒక ముక్క లోపలే ఒక టేపు నుంచి ఇంకో టేపు దాకా వెళ్లి ఆగింది. పెద్దవాళ్లెవరో దాన్ని కొట్టేయబోయి ఆగినట్టు పెన్సిల్ గుర్తుంది. అమ్మా, తొమ్మిది టేపులకి రెండు డబ్బాలు కొనండి. పదో టేపు చీల్చిన ముక్కలో ఒక సగానికి మూడో రంగు, అన్నిటికన్నా చిన్న డబ్బా చాలు. ఆ పదో టేపుని మాత్రం దయచేసి తీసేయించకండి.