కెప్టెనే హీరోనా?

మొన్న రాత్రి మా వారికీ, మా అబ్బాయికీ పెద్ద వాదన. అంతరిక్ష నౌకలో తిరిగే ఆ ఇంగ్లీషు సీరియల్ 'స్టార్ ట్రెక్'లో హీరో ఎవరని. "నౌక కెప్టెనే కదా, అందరూ ఆయన మాటే వినాలి" అంటారీయన. "స్పాక్ లేకపోతే ఎవరు చూస్తారు నాన్నా?" అంటాడు వాడు. నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ విన్నాను. చిన్నప్పుడు దూరదర్శన్‌లో చూసినదాన్నే, నాకూ ఓ అభిప్రాయం ఉండదా?

అబ్బాయి మాటలో నిజముంది. అమెరికాలో 1966లో మొదలైన ఆ సీరియల్‌కి కెప్టెన్ కిర్క్. జనం మనసు మాత్రం మొనదేలిన చెవుల స్పాక్ మీదికి పోయింది. అంతకుముందు నమూనాగా తీసిన ఎపిసోడ్‌లో కెప్టెన్ పైక్ అని వేరే ఆయన. టీవీవాళ్ళు అది వద్దని మళ్ళీ తీయించారు. కెప్టెన్ మారాడు, స్పాక్ మిగిలాడు! అన్నట్టు ఆ నమూనాలో కెప్టెన్ తర్వాతి స్థానం ఓ స్త్రీది. ఆవిడకి పేరైనా పెట్టలేదు, 'నంబర్ వన్' అంతే. సీరియల్ మొదలయ్యేసరికి ఆవిడ మాయం, ఆ స్థానం స్పాక్‌ది. ఇది తెలిసినప్పుడు నాకు చురుక్కుమంది.

అలాగని కెప్టెన్లు హీరోలే కారని అనను. 1987లో వచ్చిన మరో సీరియల్‌లో కెప్టెన్ పికార్డ్ ఉన్నాడు. పెళ్ళీ పిల్లలూ లేని పెద్దమనిషి. 1992లో ప్రసారమైన 'ది ఇన్నర్ లైట్' ఎపిసోడ్‌లో స్పృహ తప్పి, వేరే లోకంలో కామిన్ అనే మామూలు మనిషిగా కళ్ళు తెరుస్తాడు. ఎదురుగా భార్య ఎలీన్. ఐదేళ్ళు గడిచినా ఆయన ధ్యాస నౌక మీదే. ఇంట్లో ఉండీ లేని మనిషితో ఆ ఇల్లాలి ఓపిక చూడాలి! మా వారు ఉద్యోగమంటూ ఊళ్ళు తిరిగిన రోజులు గుర్తొచ్చి నాకు గొంతు పట్టేసింది. తర్వాత పిల్లలు పుడతారు, వానల్లేక నేల ఎండిపోతుంది, భార్య పోతుంది, మనవడు పుడతాడు. తీరా చూస్తే నౌకలో గడిచింది అరగంట కూడా కాదు. ఎప్పుడో వెయ్యేళ్ళ కిందట నాశనమైన ఆ లోకంవాళ్ళు, తమని ఎవరైనా గుర్తుంచుకోవాలని పంపిన జ్ఞాపకాలవి. ఆయనకి మిగిలింది అక్కడ వాయించిన పిల్లనగ్రోవి ఒక్కటే.

ఆ లోకంలో ఆయన ఎవరికీ కెప్టెన్ కాడు. నాకు మాత్రం ఆయన హీరో అయింది అక్కడే.

ఇదే మాట మా వారితో అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. కాసేపటికి, "అది మళ్ళీ ఎప్పుడు చూద్దాం?" అన్నారు. ఆదివారం పెట్టుకున్నాం.