తప్పు సమాధానము వెనుక

1919వ సంవత్సరమున 23 ఏండ్ల స్విట్జర్లండు యువకుడొకడు పారిస్ నగరమున ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలను పరీక్షించు పనికి కుదిరెను. పని నీరసమైనది. ఇంగ్లండులో బర్ట్ కూర్చిన తర్కపరీక్షలను ఫ్రెంచి పిల్లలకు తగినట్లు సరిచేసి, ఏ వయస్సువారిలో ఎందరు సరిగా చెప్పిరో లెక్క కట్టవలెను. 1905లో తొలి ప్రజ్ఞామాపనిని నిర్మించిన వారిలో బినే అప్పటికే గతించియుండెను. ఆయన సహచరుడైన సైమన్ ఈ పనిని అప్పగించెను.

ఆ యువకుడే జీన్ పియాజె. నత్తజాతి జీవులను పరిశోధించి 1918లో డాక్టరు పట్టమందినవాడు. సరియైన సమాధానములను లెక్కించుటకంటె తప్పు సమాధానములను వినుటయందే అతనికి ఆసక్తి కలిగెను. ఒక ప్రశ్న ఇట్టిది: ఒక బాలుడు తన పూలగుత్తిలో కొన్ని పూలు పసుపుపచ్చనివని చెప్పును. అతని సోదరీమణులలో ఒకతె అన్నియు పచ్చనివే యనును. వేరొకతె కొన్ని యనును. మూడవ యామె ఒక్కటియు కాదనును. ఎవరి మాట నిజము? ‘కొన్ని’ యను మాట ఎదుటనే యున్నను, పలువురు పిల్లలు గుత్తి యంతయు పచ్చనిదే యని తేల్చిరి. పరీక్షకు అది సున్న. పియాజె మాత్రము, ఎట్లు తెలిసినదని మరల మరల అడిగెను. ఆ తప్పులు చెదురుమదురుగా లేవు. ఒక యీడు పిల్లలు ఒక తీరుననే తప్పుచుండిరి. అది తెలివిలేమి కాదు, వేరొక తర్కము.

1921లో ఆయన జెనీవాలోని రూసో సంస్థకు చేరెను. 1923లో మనశ్శాస్త్రమున ఆయన తొలి గ్రంథము వెలువడెను. పిదప తన ముగ్గురు బిడ్డలను ఉయ్యాలనాటినుండి గమనించి వ్రాసికొనెను. ఆయన ప్రయోగములలో నీళ్ల ప్రయోగము మిక్కిలి ప్రసిద్ధము. రెండు ఒకే తీరు గ్లాసులలో ఒకే మట్టమునకు నీరు పోసి, పిల్లవాడు సమానమని ఒప్పుకొనిన పిమ్మట, వాని యెదుటనే ఒకదానిలోని నీటిని సన్నని పొడవాటి పాత్రలోనికి వంపుదురు. ఎందులో ఎక్కువయని అడిగిన, ఐదేండ్లవాడు తడుముకొనక పొడవాటి పాత్రను చూపును. ఏడెనిమిదేండ్లవాడు ‘ఆ నీళ్లేగదా’ యని నవ్వును. మన శిక్షణ పుస్తకములు దీనిని పదిలపరచుకొను భావన యనుచున్నవి.

పియాజె చెప్పినదంతయు నిలువలేదు. ఆయన నిర్ణయించిన వయస్సులు పలుచోట్ల సడలినవి. 1974లో స్కాట్లండున మెక్‌గారిగిల్, డొనాల్డ్‌సన్ అనువారు బిళ్లల వరుసలతో ఇట్టి ప్రయోగమునే చేసి, వరుసను పెద్దవారికి బదులు ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెరపినట్లు చూపిరి. అంతట నాలుగు నుండి ఆరేండ్ల పిల్లలలో సగముకంటె ఎక్కువమంది బిళ్లలు సమానమనియే చెప్పిరి. పెద్దవారు తామే కదలించి అదే ప్రశ్నను మరల అడిగినచో, మొదట చెప్పినది తప్పు కాబోలునని పసివాడు తలంచును. (‘బాగా ఆలోచించి చెప్పు’ అన్నంతనే సరియైన సమాధానమును సైతము మార్చుకొను పిల్లలు ఏ తరగతిలో లేరు?)

ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష వ్రాయువారందరును పియాజె పేరెరుగుదురు. శిశువికాస విభాగమునకు 30 మార్కులు కలవు. ఇంద్రియ చాలక దశ రెండేండ్లవరకు, పూర్వ ప్రచాలక దశ ఏడేండ్లవరకు అని కంఠస్థము చేసి, నాలుగింటిలో ఒకదానిని గుర్తింతురు. తప్పు సమాధానములనుండి పుట్టిన శాస్త్రము సరియైన సమాధానపు గుర్తుగా మిగులుట విచారకరము. కొన్ని దశల వయస్సులే నేడు సందేహాస్పదములగుట మరియు విచిత్రము.

రెండవ తరగతి పలకపై 42 నుండి 17 తీసివేసి 35 అని వ్రాసినవాడున్నాడు. ఎర్ర సుద్దతో కొట్టివేయుట క్షణము పని. నలుబదిమంది గల తరగతిలో ప్రతి తప్పునకు కారణమడుగుట సాధ్యము కాదు. దినమున కొకనినైన అడుగవచ్చును. ఎట్లు చేసితివన్న, ‘రెండులోనుంచి ఏడు పోదుగదా సార్, అందుకని ఏడులోనుంచి రెండు తీశాను’ అనును. వానికి తీసివేత తెలియును. పదిని విప్పవచ్చునని తెలియదు. మరునాడు ఆ ఉపాధ్యాయుడు బడికి తేవలసినది పదేసి పుల్లలు కట్టిన నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు.