పట్టణపు వెలుగులో పల్లెల పాలు



మన సిద్దిపేట ప్రాంతమున చెఱువులేని ఊరు అరుదు. ఆ చెఱువులు తరతరములు ఎట్లు నిలిచినవో తమకు తెలియనిది కాదు. పూర్వము చెఱువు త్రవ్వించినవారికిని, గండిపడిన కట్టను బాగుచేయించువారికిని దశబంధమను పేర ఆ చెఱువు క్రింది భూమిలోనో, దాని ఆదాయములోనో కొంత పాలు ఇచ్చుట తెలుగునాట ఆచారముగ నుండెను. తూము తీసి నీరు పంచు నీరటికానికి కళ్లమున గింజలు కొలిచెడివారు. లాభమున పాలుగలవాడు వానరాత్రి లాంతరు పట్టుకొని కట్టమీదికి పోవును; పాలులేనివాడు పండుకొనును. నేడు నేను తమతో ముచ్చటింపదలచిన విషయమునకు ఈ పాతన్యాయమే పునాది.

బొగ్గు కాల్చి విద్యుచ్ఛక్తి తీయుటవలన బొగ్గుపులుసు వాయువు ఆకాశమున చేరి భూమి వేడిమిని బయటికి పోనీయకున్నది. వేసవి మండుటయు, వానలు అదను తప్పుటయు సేద్యము చేయువారికే మొదట తగులుచున్నవి. కావున పట్టణములు క్రమముగ ఎండనుండియు, గాలినుండియు, చెత్తనుండియు శక్తిని తీసికొన యత్నించుచున్నవి. ఈ మార్పు మంచిదే. అయితే దీనిలో మన స్థానమేమి?

ముందు మన పట్టణమునే చూతము. సిద్దిపేట పురపాలక సంఘము ఇంటింట తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త వేఱుచేయించుటలో పేరుగాంచినది. తడిచెత్తనుండి ఇంధనవాయువు తీయుటకు బుస్సాపూరున ఒక కర్మాగారమును నెలకొల్పిరి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము గాలి చొరని తొట్టిలో మురిగినపుడు మండెడి వాయువు పుట్టును. మిగిలిన పిప్పి ఎరువగును. మనమెఱిగిన గోబరుగ్యాసు పద్ధతియే ఇది. కాని తడిచెత్తలో ప్లాస్టికు సంచులు కలిసినచో ఎంత విలువగల యంత్రమైనను చెడును. కావున ఆ వాయువునకు మొదటి కర్త వంటింట వేఱువేఱు బుట్టలు పెట్టుకొన్న ఇల్లాలే. జనుల చేయి తోడుకానిదే ఏ కొత్త శక్తియు నడువదని దీనివలన తెలియును.

ఇక ఎండ సంగతి. 2024లో కేంద్రప్రభుత్వము ఆరంభించిన ‘పీఎం సూర్య ఘర్’ పథకమున ఇంటికప్పుపై ఒక కిలోవాటు సౌరఫలకములకు 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకు 60,000 రూపాయలు, మూడింటికిని ఆపైనను 78,000 రూపాయలు సహాయముగ నిర్ణయించిరి. ఒక కిలోవాటునకు సుమారు నూఱు చదరపుటడుగుల చోటు కావలెను; మంచి ఎండలో దినమునకు ఇంచుమించు నాలుగు యూనిట్లు వచ్చును. స్వంత మేడగలవానికి ఇది మేలు. అద్దెకున్నవానికి కప్పే లేదు. మిల్లులకు, ఆసుపత్రులకు ఉన్న కప్పు చాలదు. మిగిలిన శక్తి పొలములనుండి రావలెను. ఒక మెగావాటు ఫలకములు పఱచుటకు నాలుగైదు ఎకరములు పట్టును. అంతటి చోటు ఉన్నది పట్టణమున కాదు, మన ఊళ్లలో.

2019లో వచ్చిన ‘పీఎం కుసుమ్’ పథకము అర మెగావాటునుండి రెండు మెగావాట్లవఱకు సౌరకేంద్రములను సబ్‌స్టేషనునకు చేరువగ రైతులు గాని, వారి సంఘములు గాని, పంచాయతీలు గాని పెట్టుకొనుటకు వీలు కల్పించినది. అచట పుట్టిన కరెంటు తీగలలో కలిసిపోవును. తీగలలో కలిసిన కరెంటునకు ఊరిపేరుండదు. మీటరు మాత్రము లెక్క చెప్పును. ఆ లెక్కప్రకారము పంపిణీ సంస్థ 25 సంవత్సరములు సొమ్ము చెల్లించును. భూమిని పరులకు కౌలుకిచ్చుటకును ఇందు వీలుగలదు. ఇచ్చటనే దారి రెండుగ చీలుచున్నది. కౌలుకిచ్చినచో భూమిగలవానికి ఏటేట కొంత రొక్కము వచ్చును. ఊరివారికి కంచె మాత్రము కనబడును. వాటా ఉన్నచో సంగతి వేఱు.

ఒక లెక్క వేసికొందము. ఒక మెగావాటు కేంద్రము ఏటికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇచ్చును. మాటవరుసకు యూనిటు మూడు రూపాయలనుకొన్నచో 45 లక్షలగును. అందు అప్పు వాయిదాలు, వడ్డీ, కాపలా, ఫలకములు తుడుచు కూలి పోగా మిగిలినదానిలో పదియవ పాలు ఊరిదైనచో, బడికిని చెఱువు పూడికకును ఏటేట ఒక ఆధారమేర్పడును. అది దశబంధమే గదా! అప్పు తీరిన పిదప ఆ పాలు ఇంకను పెరుగును. అయితే పెట్టుబడి కోట్లలో ఉండును గాన ఒక్క రైతు మోయలేడు. పలువురు కూడి సంఘముగ ఏర్పడవలెను. మహిళాసంఘములచేత సౌరకేంద్రములు పెట్టించు ప్రయత్నము మన తెలంగాణమున మొదలైనది.

ఊరివారు కరెంటు సంస్థను నడుపగలరా యని తమకు సందేహము కలుగవచ్చును. దానికి ఉత్తరము మన పొరుగుననే ఉన్నది. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము ఏర్పడెను. అప్పుడు దేశమందు ప్రయోగముగ నెలకొల్పిన ఐదు సంఘములలో అది యొకటి. కరెంటు వాడుకొనువారే సభ్యులు. సంఘము పెద్దమొత్తమున కరెంటు కొని తన తీగలద్వారా ఊరూర పంచును. 2022 డిసెంబరున కూడ సభ్యులు ఓటువేసి పాలకవర్గమును ఎన్నుకొనిరి. మరమగ్గమునకు, బావిమోటారునకు కావలసిన కరెంటును ఇన్ని దశాబ్దములు అందించిన సంఘమది.

ఐనను సంఘమను పేరొక్కటే చాలదు. ఆ ఐదింటిలో ఒకటైన మహారాష్ట్రమందలి ములా-ప్రవరా సంఘము బకాయీలలో చిక్కి 2011లో లైసెన్సు పోగొట్టుకొన్నది. బిల్లు చెల్లింపనివానిని ముఖమాటమున విడిచినచో ఆ భారము చెల్లించువాని నెత్తిన పడును. వాటా అనగా హక్కు మాత్రమే కాదు, బాధ్యతయు.

పరదేశమునుండి ఒక్క నిదర్శనము. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్ తీరమున సముద్రములో 2000 సంవత్సరమున 20 గాలిమరలు నిలిపిరి. వానిలో సగము పట్టణపు విద్యుత్ సంస్థది. తక్కిన సగము ఎనిమిదివేలకు పైబడిన సామాన్యజనులు వాటాలు కొని ఏర్పఱచుకొన్న సహకార సంఘముది. పట్టణమువారును జనులును పొత్తున వ్యవసాయము చేసినట్లు దానిని కట్టిరి.

ఇప్పుడు మన గుండెలకు దగ్గఱైన మాట. 50 టీఎంసీల మల్లన్నసాగరము 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. దానికొఱకు ఊళ్లకు ఊళ్లే పుట్టినచోటు విడిచిపోయినవి. అదే సంవత్సరము జూలైలో రామగుండమున ఎన్టీపీసీవారు జలాశయముపై 100 మెగావాట్ల సౌరఫలకములను తేలించి పూర్తిగ పనిలో పెట్టిరి. ఆ రీతిని మన జలాశయములపైనను ఒకనాడు ఫలకములు పఱచినచో, ఆ వెలుగులో మొదటి పాలు ఎవరిది? నీటికొఱకు ఇల్లును, వాకిలిని, దేవళమును విడిచిన కుటుంబములదే యని నా మనవి. పరిహారము ఒకమాఱు వచ్చి ఖర్చగును. వాటా మనుమలవఱకు నడచును.

కావున మీ ఊరికి ఎవరైన సౌరకేంద్రపు పత్రములతో వచ్చినపుడు, వ్రేలిముద్రకు తొందరపడక గ్రామసభలో ఈ ఐదు ప్రశ్నలు అడుగుడు. భూమి కౌలుకా, వాటాకా? కౌలైనచో ఏటేట పెరుగునా? రెండవది, లెక్కలు సంవత్సరమున కొకమాఱైన సభలో చదివి వినిపింతురా? మూడవది, భూమిలేని కూలివానికిని, ఆ బీట మేపుకొను గొల్లకురుమలకును ఏమి దొరకును? నాల్గవది, నష్టము వచ్చిన ఏడు ఆ భారమెవరిది? ఐదవది, 25 ఏండ్ల పిదప పాత ఫలకములను ఎవరు తొలగింతురు? భూమి ఎట్టి స్థితిలో మన చేతికి తిరిగివచ్చును? ఉత్తరములు నోటిమాటగ కాక కాగితముపై వ్రాయించుకొనుడు.

ఇరువదియైదు సంవత్సరములనిన ఒక తరము. నేడు తాము పెట్టు సంతకమునకు అనుభవించువారు ఇప్పుడు బడిలో ఓనమాలు దిద్దుచున్న పిల్లలు. పట్టణము వెలుగవలెను, ఆ వెలుగు పుట్టిన పొలముగట్టున చీకటి మిగులరాదు. మన పెద్దలు చెఱువునకు వ్రాసిన పాలును మనము ఎండకును వ్రాయించుకొందము.