ముందు గాజు పలక, తర్వాత మాత్ర

పిల్లి ఇసుక తొట్టిలో పదే పదే కూర్చుని ముక్కుతోంది. వచ్చేది నాలుగు చుక్కలు, అందులోనూ ఎర్రటి జీర. చూసినవాళ్లకు వెంటనే తోచేది ఇన్ఫెక్షనే. యాంటీబయాటిక్ వేస్తారు, వారం తిరక్కుండానే పిల్లి మామూలవుతుంది, మందు పనిచేసిందన్న నమ్మకం కుదిరిపోతుంది. కానీ పదేళ్లలోపు పిల్లుల్లో ఈ లక్షణాలకు బాక్టీరియా కారణం కావడం అరుదు. ఎక్కువగా కనిపించేది ఏ సూక్ష్మజీవీ లేని మూత్రాశయ వాపు. ఇల్లు మారడం, మరో పిల్లి రావడం లాంటి ఒత్తిడితో దానికి సంబంధం ఉంది. చాలాసార్లు వారంలో దానంతటదే తగ్గుతుంది కూడా. తన కోడి కూయబట్టే ఊరికి తెల్లవారుతోందనుకున్న ముసలమ్మ కథలో కోడి పాత్ర ఇక్కడ మాత్రది. (మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోతే మాత్రం అది గంటల మీద ప్రాణం తీసే స్థితి. అప్పుడు కావలసింది అడ్డు తొలగించే డాక్టరు.)

కుక్క చర్మం సంగతి వేరు. అక్కడ పుండ్లలో బాక్టీరియా నిజంగానే ఉంటుంది. దాని పేరు స్టెఫిలోకాకస్ సూడింటర్మీడియస్. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటిమీద కూడా అది కాపురముంటుంది. ఎలర్జీయో, గజ్జి పురుగో, థైరాయిడ్ లోపమో చర్మాన్ని బలహీనపరిచాక అది పేట్రేగుతుంది. మూలకారణాన్ని వదిలేసి సెఫలెక్సిన్ లాంటి యాంటీబయాటిక్ ఇస్తే పుండ్లు మానతాయి, మందు ఆపిన కొన్నాళ్లకు మళ్లీ లేస్తాయి, ఈసారి ఇంకా గట్టి మందు రాస్తారు. ఇలా తిరిగి తిరిగి, సెఫలెక్సిన్‌కూ అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కూ లొంగని రకాలు మిగులుతాయి. పుండు మీద గాజు పలకను అద్ది, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడితే నిమిషాల్లో చాలా తెలుస్తుంది. కనిపించింది ఈస్టు అయితే యాంటీబయాటిక్ దాన్ని తాకనైనా తాకదు. బాక్టీరియానే అయినా, పుండ్లు పైపైనే ఉంటే క్లోర్‌హెక్సిడిన్ షాంపూ పట్టించి, పది నిమిషాలు ఉంచి కడిగే పద్ధతి చాలా కుక్కలకు మాత్రతో సమానంగా పనిచేస్తుంది.

పరీక్షలకు డబ్బెక్కడిదని అడిగేవారిది న్యాయమైన ప్రశ్నే. బాక్టీరియాను పెంచి చూసే కల్చర్ పరీక్షకు ఖర్చు, రోజుల నిరీక్షణ తప్పవు. గాజు పలకకు అంత తతంగం లేదు, పైగా పనికిరాని మూడు కోర్సుల ఖర్చును అది ఆదా చేయవచ్చు. నాలుగు మాత్రలతో ఏమవుతుందిలే అన్న మాటకు మాత్రం గట్టి జవాబే ఉంది. 2016-18 మధ్య అమెరికాలో దుకాణాల కుక్కపిల్లల నుంచి 18 రాష్ట్రాల్లో 118 మందికి క్యాంపైలోబాక్టర్ సోకింది. ఆ బాక్టీరియా అనేక మందులకు లొంగలేదు. ఆరా తీసిన 149 కుక్కపిల్లల్లో 142కు యాంటీబయాటిక్ పడింది. వాటిలో సగానికి పైగా కుక్కపిల్లలకు జబ్బేమీ లేకుండానే, ముందుజాగ్రత్త పేరుతో వేశారు. మందు పడ్డ జంతువుకూ ముప్పు తప్పదు. పిల్లికి ఎన్రోఫ్లాక్సాసిన్ మోతాదు మించితే చూపు పోవచ్చు. డాక్సీసైక్లిన్ మాత్ర గొంతు దిగాక నీళ్లు పట్టకపోతే అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేయవచ్చు.

అలాగని యాంటీబయాటిక్‌ను అంటరానిదిగా చూడమని కాదు. గర్భాశయంలో చీము పట్టిన ఆడకుక్కకు ఆపరేషనుతో పాటు అది కావాలి, అక్కడ పరీక్ష ఫలితాల కోసం ఆగకూడదు. లెక్క కుదరాల్సింది రోజుల విషయంలోనూ. కుక్కకు అప్పుడప్పుడు వచ్చే మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు ఒకప్పుడు రెండు వారాలు వాడేవారు, ఇప్పుడు మూడు నుంచి ఐదు రోజులు చాలంటున్నారు. పిడుదులు మోసుకొచ్చే ఎర్లిఖియా జ్వరానికి మాత్రం డాక్సీసైక్లిన్ సుమారు 28 రోజులు పడాలి. మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే కుక్క లేచి తిండి తింటుంది. మాత్రలు ఇక చాలనిపించేదీ సరిగ్గా అప్పుడే.