అరువు పట్టాల మీద ఆటల రైలు

సంక్రాంతి నెల పట్టగానే ఇంట్లో ముగ్గుల పుస్తకం బయటికొస్తుంది. పక్కింటి వాకిట్లో కనిపించిన కొత్త ముగ్గు అందులోకి చేరుతుంది. పదిహేను చుక్కల ముగ్గు మన వాకిటికి పెద్దదైతే పదకొండుకి కుదించడం, మధ్యలో తామరపువ్వు బదులు నెమలిని దించడం... అదంతా వేసేవాళ్ల ఇష్టం. ‘కాపీ కొట్టావ్’ అని ఎవరూ అనరు. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడమే పాతికేళ్లకు పైగా కంప్యూటర్ ఆటల్లోనూ నడుస్తోంది. అక్కడ చేతులు మారేది ముగ్గు కాదు... రోలర్ కోస్టర్!

దోమ, పరిగి, తాండూరు వైపు పిల్లలకు జాతరలో దొరికేది రంగులరాట్నం, జెయింట్ వీల్. పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కాలంటే హైదరాబాద్ బస్సెక్కాల్సిందే. రావిర్యాలలో 2016లో మొదలైన వండర్‌లాలో ‘రీకాయిల్’ అనే కోస్టర్ ఉంది. ముందుకెళ్తూ తలకిందులు చేస్తుంది, అదే దారిలో వెనక్కి తెస్తూ మళ్లీ తలకిందులు చేస్తుంది. ఎక్కి దిగితే అయిపోయే ముచ్చట అది. అలాంటిదాన్ని సొంతంగా కట్టి చూడాలంటే మాత్రం దోమలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా దారి ఒకటే... కంప్యూటర్!

ఒక్కడి మోజుతో మొదలు

స్కాట్లాండ్‌కు చెందిన క్రిస్ సాయర్ 1994లో ‘ట్రాన్స్‌పోర్ట్ టైకూన్’ అనే ఆటతో పేరు తెచ్చుకున్నాడు. తర్వాత ఆయనకి రోలర్ కోస్టర్ల మీద మోజు పుట్టింది. ఆ మోజే 1999లో ‘రోలర్ కోస్టర్ టైకూన్’గా బయటికొచ్చింది. దాదాపు ఆట మొత్తాన్నీ ఆయన అసెంబ్లీ భాషలో, అంటే యంత్రానికి బాగా దగ్గరగా ఉండే భాషలో రాశాడు. అందుకే అప్పటి చిన్నపాటి కంప్యూటర్లలోనూ వేలమంది సందర్శకులతో పార్కు కళకళలాడేది.

ఆ ఆటలో ఓ చిన్న సదుపాయం ఉంది. కట్టిన కోస్టర్‌ని విడిగా భద్రపరచుకోవచ్చు. ఆ ఫైలు కొన్ని కిలోబైట్లే. పట్టా ఎక్కడ లేస్తుంది, ఎక్కడ ఒరుగుతుంది, రైలుకి ఎన్ని బోగీలు... ఇవే అందులో ఉంటాయి. ఫ్లాపీలో పెట్టి స్నేహితుడికి ఇచ్చినా, నెట్‌లో ఉంచినా అవతలివాళ్లు తమ పార్కులో దించుకోవచ్చు. అలా అభిమానుల డిజైన్లు దేశాలు దాటాయి. 2016లో వచ్చిన ‘ప్లానెట్ కోస్టర్’ నాటికి ఒక్క నొక్కుతో ఇతరుల డిజైన్‌ని తెచ్చుకునే వీలొచ్చింది. పాత ఆటనీ అభిమానులు వదల్లేదు. 2014లో మొదలైన ‘ఓపెన్ ఆర్‌సీటీ2’ని ఔత్సాహికులే ఉచితంగా తీర్చిదిద్దుతున్నారు. తొలి ఆట నాటి డిజైన్లు సైతం అందులో నడుస్తాయి.

దించితే సరిపోదు!

తెచ్చిన డిజైన్ ప్రతి పార్కులోనూ ఒకేలా ఒదగదు. ముందు నేల చూడాలి. గుట్టలున్నచోట పట్టాలు అడ్డం తగులుతాయి. ఆ తర్వాత ఖర్చు. అప్పు తెచ్చి మొదలుపెట్టిన పార్కులో ఉన్న డబ్బంతా ఒక్క కోస్టర్‌కే పోస్తే జీతాలకేం మిగులుతుంది?

ఖాళీ రైలుని ఓసారి తిప్పి చూశాక ఆట మూడు మార్కులు వేస్తుంది. మజా ఎంత, ఉద్ధృతి ఎంత, వికారం ఎంత అని. ఉద్ధృతి పది దాటితే మజా మార్కులు పడిపోతాయి, జనం ఎక్కరు. వికారం ఎక్కువైతే దిగినవాళ్లు దారి పొడవునా వాంతులు చేసుకుంటారు, ఊడ్చేవాళ్లని పెంచాలి! చుట్టూ చెట్లు, నీళ్లు, సొరంగం ఉంటే అదే పట్టాకి మజా పెరుగుతుంది. అంటే సగం మార్కులు గీసినవాళ్లవైతే, మిగతా సగం దించుకున్నవాళ్ల తెలివివే.

ఇంకో సంగతి. ఆటలో అప్పుడప్పుడూ స్టేషన్ బ్రేకులు పాడవుతాయి. జోరుగా స్టేషన్‌లోకి దూసుకొచ్చే డిజైనైతే ఆగి ఉన్న రైలుని గుద్దేస్తుంది. కాబట్టి ఎంత అందమైన డిజైనైనా చివరి మలుపులో వేగం తగ్గుతోందో లేదో చూసుకోవాలి.

పాఠం అక్కడే ఉంది

ఇలా విప్పి చూడటంలోనే చదువుంది. ముప్ఫై మీటర్ల ఎత్తు నుంచి జారే రైలు, రాపిడిని పక్కన పెడితే, గంటకు 87 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బోగీలు నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా లెక్క అదే. రెండో గుట్ట మొదటిదానికన్నా తక్కువ ఎత్తులో ఎందుకుండాలో దీంతో అర్థమైపోతుంది.

చుట్టూ తిరిగే వలయం సంగతీ అంతే. చక్కని గుండ్రటి వలయంలో బోగీ పైకొన దాటడానికి సరిపడా వేగంతో వస్తే, అడుగున మనిషి మీద అతని బరువుకి ఆరు రెట్లు పడుతుంది. అరవై కిలోల మనిషికి 360 కిలోలు మోస్తున్నట్టుంటుంది! అమెరికాలోని కోనీ ఐలాండ్‌లో 1895లో గుండ్రటి వలయంతో పెట్టిన కోస్టర్ మెడనొప్పులకే పేరుపడింది. కాలిఫోర్నియాలో 1976లో వచ్చిన ‘రివల్యూషన్’కి జర్మన్ ఇంజినీర్ వెర్నర్ స్టెంగెల్ నీటిబొట్టు ఆకారంలో వలయం గీశాడు. అడుగున వెడల్పుగా, పైన ఇరుకుగా ఉండేసరికి ఆ బరువు బాగా తగ్గింది. 2001లో వచ్చిన ‘నోలిమిట్స్’ వంటి సిమ్యులేటర్‌లో పిల్లలు ఈ తేడాని తామే గీసి చూసుకోవచ్చు. నిజం కోస్టర్లు తయారుచేసే కంపెనీలు కూడా దాన్ని వాడుతున్నాయి.

పేరు చెరపొద్దు

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. నెలల తరబడి ఎవరో కూర్చుని గీసినదాన్ని తెచ్చి, పేరు మార్చి ‘నేనే చేశా’ అనేవాళ్లూ ఉంటారు. మార్చిన డిజైన్‌ని పదిమందికీ పంచేటప్పుడు అసలు ఎవరిదో రాయడం కనీస మర్యాద. వద్దన్నవాళ్ల డిజైన్‌ని మళ్లీ పంచకపోవడం కూడా. అమ్మానాన్నలు చూడాల్సిందీ ఒకటుంది. డిజైన్ పేరుతో వచ్చింది కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేయమని అడిగితే అది డిజైన్ కాదు, వెంటనే తీసేయాలి.

మీ అబ్బాయో అమ్మాయో ఎవరిదో కోస్టర్ తెచ్చి ఆడుతుంటే కోప్పడకండి. ‘ఇందులో నువ్వేం మార్చావ్?’ అని ఒక్క మాట అడగండి. జవాబు లేకపోతే అది కాలక్షేపం. ‘చివరి మలుపు దగ్గర ఎత్తు తగ్గించా, ఎందుకంటే...’ అని మొదలుపెడితే మాత్రం కుర్చీ లాక్కుని కూర్చోండి. మీ ఇంట్లో ఓ బుల్లి ఇంజినీర్ తయారవుతున్నట్టే!